సముద్రం వైపు నుంచి మద్రాసు: చిత్రాన్ని చారిత్రక ఆధారంగా చదవడం

చిత్రాలు కూడా చరిత్ర రచనకు ఆధారాలే. అయితే ఒక చిత్రం ఏమి చెబుతోందని అడిగే ముందు, దానిని ఎవరు, ఎవరి కోసం, ఏ వైపు నుంచి చూపిస్తూ గీశారని అడగాలి. ఈ పద్ధతిని ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

1. చిత్ర నేపథ్యం

ఈస్టిండియా కంపెనీ లండన్‌లోని లెడెన్‌హాల్ వీధిలో ఉన్న తన ప్రధాన కార్యాలయాన్ని 1720లలో పునర్నిర్మించింది. అందులో డైరెక్టర్ల సమావేశ మందిరం కోసం ఆరు తైలవర్ణ చిత్రాలు గీయించింది. అవి మద్రాసు, కలకత్తా, బొంబాయి, తలశ్శేరి, సెయింట్ హెలీనా, గుడ్ హోప్ అగ్రాలకు చెందినవి. 1732 నాటికి ఇవి పూర్తయ్యాయి. భూదృశ్యాలను జార్జ్ లాంబర్ట్, ఓడలను శామ్యూల్ స్కాట్ చిత్రించారు. వీరిద్దరూ భారతదేశానికి ఎన్నడూ రాలేదన్న విషయాన్ని మీరు గుర్తుంచుకోవాలి.

2. చిత్రంలో కనిపించేవి

మద్రాసు చిత్రాన్ని గమనించండి. ముందు భాగంలో తెరచాపలతో కంపెనీ ఓడలు పెద్దవిగా కనిపిస్తాయి. వాటి వెనుక, తీరం వెంట సెయింట్ జార్జి కోట ఉంటుంది. మనం సముద్రంలో నిలిచి, వస్తున్న ఓడ నుంచి నగరాన్ని చూస్తున్నట్లు ఉంటుంది. ఇది యజమాని చూపు. తమ ఓడలు, తమ కోట క్షేమంగా ఉన్నాయన్న భరోసాను ఈ చిత్రం డైరెక్టర్లకు ఇస్తుంది.

3. చిత్రం చెప్పనివి

(అ) అప్పటి మద్రాసు రేవు పట్టణమే గాని, ఓడలు ఒడ్డుకు చేరే రేవు కట్టడం అక్కడ లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకును, మనుషులను మసూలా పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. మేకులు కొట్టకుండా, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన ఈ పడవలు అలల దెబ్బకు వంగేవే గాని సులభంగా పగిలేవి కావు. స్థానిక పడవవాళ్ల నైపుణ్యం లేనిదే కంపెనీ వ్యాపారం సాగేది కాదు.

(ఆ) ఓడల్లో వెళ్లే ముఖ్యమైన సరుకు నూలు వస్త్రాలు. వాటిని సమకూర్చిన తెలుగు, తమిళ వర్తకులు, దుబాసీలు కోటకు ఉత్తరాన, ఆంగ్లేయులు ‘బ్లాక్ టౌన్’ అని పిలిచిన పేటలో నివసించేవారు. కోటను కేంద్రంగా చూపే దృశ్యంలో వీరి శ్రమకు చోటు తక్కువ.

(ఇ) చిత్రంలోని భద్రత కూడా ఎంతో కాలం నిలవలేదు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. 1749లో నగరం తిరిగి ఆంగ్లేయుల వశమైంది. ఈ పరిణామాల్లో కోట చుట్టూ ఖాళీ స్థలం కోసం పాత బ్లాక్ టౌన్‌ను కూల్చివేశారు. నేటి మద్రాసు హైకోర్టు ఉన్నది ఆ ప్రాంతంలోనే.

4. సారాంశం

ఈ చిత్రం 1730ల నాటి మద్రాసు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం కన్నా, కంపెనీ మద్రాసును ఎలా చూడదలచుకుందో చెప్పే బలమైన సాక్ష్యం. అందుచేత దీనిని ఇతర ఆధారాలతో సరిపోల్చిన తరువాతే నిర్ధారణకు రావాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. చిత్రకారులు మద్రాసును చూడకపోవడం ఈ ఆధారం విలువను ఏ విధంగా ప్రభావితం చేస్తుంది?
2. ఇదే దృశ్యాన్ని ఒడ్డున నిలిచిన పడవవాడి వైపు నుంచి గీస్తే ముందు భాగంలో ఏవి ఉంటాయి? ఐదు వాక్యాల్లో రాయండి.