ప్రహరీగోడ మీది పోరు

వేసవి ముదిరి జనులు తొలకరికై యెదురుచూచు దినములలో, నాచారం పారిశ్రామికవాడలోని కార్ఖానాల ప్రహరీగోడలమీదను, ఉప్పల్ వెనుకవీధుల చెట్లమీదను, మగతొండ యొకటి యెండకు తల యెత్తి, ముంగాళ్లపై యొడలు లేపుచు దించుచు, తాలీంఖానాలో దండీలు తీయు వస్తాదువలె కానవచ్చును. అది దూరమునుండియే మన నెత్తురు పీల్చి గొంతు ఎఱ్ఱజేసికొనునని నమ్మి పిల్లలు రాళ్లు రువ్వుదురు. పాపము, ఆ యెఱుపు దాని సొంతము. అదియు మనకొఱకు గాదు, గోడ యావలికొసనున్న మఱియొక మగతొండకొఱకు.

1802లో ఫ్రాన్సు దేశీయుడగు దోదాన్ శాస్త్రలోకమునకు పరిచయము చేసిన జాతి యిది. సంతానకాలమున మగదాని తల, మెడ, భుజములు నారింజ వన్నెకును ఎఱుపునకును తిరిగి, గొంతున కిరుప్రక్కల నల్లని మచ్చ తేలును. ప్రత్యర్థి కంటబడినతోడనే అది ప్రక్కకు తిరిగి, గొంతుసంచి నుబ్బించి, ప్రక్కటెముకలను లోనికి నొక్కుకొన్నట్లు పలుచనై, వీపుమీది ముండ్లవరుసను నిక్కించి, ఉన్న యొడలిని లేనంత పెద్దదిగా చూపుకొనును. చర్మమందలి వర్ణకణములలో నల్లని రేణువులు వ్యాపించిన నలుపు హెచ్చును, ముడుచుకొన్న మేను తేటపడును. కణశోధనకే వెలసిన సి.సి.ఎం.బి. గల ఉప్పల్ రోడ్డుమీదనే యీ కణవ్యాపార మెల్లరకు కనబడునట్లు జరుగుచుండుట వినోదమే. ఇక తొండ ముదిరి ఊసరవెల్లి యయినదను సామెత మనుష్యులకు చెల్లును గాని తొండకు చెల్లదు. రెండును వేఱువేఱు కుటుంబముల ప్రాణులు.

ఇంత యాడంబరమేల? కాటు తగిలినచో గాయము. పోరులో మైమఱచినచో కాకియో పిల్లియో తన్నుకొనిపోవును. కనుక బలాబలములు కంటితోనే తేలిపోవుట యిరువురకు లాభము. రాతిబండలపై నివసించు దక్షిణాపథపు రాతితొండను పరీక్షించి బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2017లో వెల్లడించిన సంగతి యింకను రసవత్తరము: మగది ఆడదానికి చూపు రంగులలో పరస్పర వైరుధ్యము హెచ్చు, పగవానికి చూపు రంగులలో మార్పువేగము హెచ్చు. ఆడది నిలిచి చూచునేమో గాని, పగవాడు నిలువడుగదా!

రెండును సమానబలము గలవైనపుడు మాత్రము బెదిరింపు చాలదు. అపుడు కలియబడి, వెనుకకాళ్లపై లేచి, దవడ దవడకు చిక్కించి పెనగులాడును. ఓడినదాని రంగు చూచుచుండగనే వెలిసిపోవును. గెలిచినదానికి గోడయే గాక, గోడమీది యెండయు, దాని పగుళ్లలోని చీమలు పురుగులును, ఆ చెంతనే తిరుగు ఆడతొండలును దక్కును.