కబడ్డీ ఫాంటసీలో ఏ రైడర్ వర్త్? ఫోన్‌లోనే షీట్ వేసి ర్యాంక్ ఇచ్చే పద్ధతి

ఫోన్ కొనేటప్పుడు మనం బెంచ్‌మార్క్ స్కోరు ఒక్కటే చూసి కొనం. పెట్టిన డబ్బుకి ఎంత పర్ఫార్మెన్స్ వస్తుంది, అరగంట గేమ్ ఆడాక కూడా అదే స్పీడ్ ఉంటుందా, బ్యాటరీ సాయంత్రం దాకా నిలుస్తుందా అని చూస్తాం. అదే మనోళ్ళు కబడ్డీ ఫాంటసీ టీమ్ దగ్గరికి వచ్చేసరికి "పోయిన సీజన్ టాపర్ ఎవరప్పా?" అని ఒక్క నంబర్ చూసి కెప్టెన్‌ని పెట్టేస్తారు. సగం సీజన్‌కి క్రెడిట్లు అయిపోయి తలలు పట్టుకుంటారు.

మా నందికొట్కూరులో ఎనిమిది మంది ఫ్రెండ్స్‌మి కలిసి ప్రో కబడ్డీకి ఒక లీగ్ నడుపుతాం. యాప్ ఏం లేదు. ఒక గూగుల్ షీట్, ఒక వాట్సాప్ గ్రూప్, అంతే. అందులో రైడర్లకి నేను ర్యాంక్ ఇచ్చే పద్ధతినే ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చెప్తాను.

ముందు ఒక మాట: మా లీగ్‌లో రూపాయి లేదు

ఇది మంచితనం కోసం చెప్పడం లేదు, చట్టమే అట్ల ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. దేశం మొత్తానికి వర్తించే ఆన్‌లైన్ గేమింగ్ చట్టం 2025 ఆగస్టులో పార్లమెంట్‌లో పాసై, ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. డ్రీమ్11 లాంటి పెద్ద యాప్‌లు కూడా డబ్బు కాంటెస్టులు ఆపేశాయి. సరిగ్గా వారానికి, ఆగస్టు 29న, విశాఖపట్నంలో తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్ మ్యాచ్‌తో ప్రో కబడ్డీ సీజన్ 12 మొదలైంది. ఆట ఆగలేదు, పందెం మాత్రమే ఆగింది. ఫ్రీగా ఆడేవాళ్ళకి లెక్కలోని మజా ఏమాత్రం తగ్గలేదు.

రైడర్ అంటే హాకీలో వింగర్ లాంటోడు

ఫాంటసీ లెక్కలు బాగా ముదిరిన ఆటల్లో ఉత్తర అమెరికా ఐస్ హాకీ ఒకటి. అక్కడ లెఫ్ట్ వింగర్, రైట్ వింగర్‌లకి ర్యాంక్ ఇచ్చేటప్పుడు గోల్స్ మాత్రమే చూడరు. మంచు మీద ఎన్ని నిమిషాలు ఉంటాడు, ఎన్ని షాట్లు కొడతాడు, పవర్ ప్లేలో ఆడిస్తారా, పక్కన సెంటర్ ఎవరు అని చూస్తారు. గోల్స్ ఒక వారం వస్తాయి, ఒక వారం రావు. అవకాశాలు మాత్రం నిలకడగా ఉంటాయి.

కబడ్డీకి దాన్ని ఇట్ల మార్చుకోండి:

- ఐస్ టైమ్ బదులు: మ్యాచ్‌కి ఎన్నిసార్లు కూతకి వెళ్తున్నాడు
- పవర్ ప్లే బదులు: డూ ఆర్ డై రైడ్ ఎవరికి ఇస్తున్నారు
- సెంటర్ బదులు: టీమ్ డిఫెన్స్ ఎట్ల ఉంది

మూడోది చాలామంది పట్టించుకోరు. రైడర్ ఔటైతే బయట కూర్చోవాలి. సొంత టీమ్ అవతలి వాళ్ళని ఔట్ చేసినప్పుడు మళ్ళీ లోపలికి వస్తాడు. డిఫెన్స్ బలంగా ఉంటే ఒకే ట్యాకిల్‌తో రివైవల్ దొరుకుతుంది. వీకైతే 40 నిమిషాల ఆటలో మంచి భాగం బెంచ్ మీదే గడిచిపోతుంది.

నిజమైన సీజన్లు నేర్పిన నాలుగు విషయాలు

1. పాయింట్లు మారకపోయినా ధర మారితే వాల్యూ మారుతుంది. సిద్ధార్థ్ దేశాయ్‌ని సీజన్ 6కి యు ముంబా 36.4 లక్షలకి కొంది. అదరగొట్టాడు. సీజన్ 7కి తెలుగు టైటాన్స్ అతన్నే 1.45 కోట్లకి తీసుకుంది. రెండు సీజన్లలోనూ 200 రైడ్ పాయింట్లు దాటాడు. ఆటగాడు అదే, ఆట అదే, ధర మాత్రం దాదాపు నాలుగు రెట్లు. ఫాంటసీ క్రెడిట్లు కూడా ఇట్లనే పోయిన సీజన్‌ని చూసి పెరుగుతాయి.

2. ఆడని మ్యాచ్‌కి పాయింట్లు ఉండవు. పవన్ సెహ్రావత్‌ని సీజన్ 9కి తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకి కొంది. 2022 అక్టోబర్‌లో మొదటి మ్యాచ్ మొదటి సగంలోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తం దూరమయ్యాడు. అందరి టీమ్‌లోనూ కెప్టెన్ అతనే అయితే ఏమయ్యేదో ఊహించుకోండి.

3. టీమ్ ఓడినా రైడర్ గెలిపించొచ్చు. అదే పవన్‌ని సీజన్ 10కి టైటాన్స్ 2.605 కోట్లకి కొంది. అప్పటికి అది లీగ్ రికార్డ్. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌ల్లో టైటాన్స్ గెలిచింది రెండే, పట్టికలో చివరి స్థానం. కానీ పవన్ రైడ్ పాయింట్లు 200 దాటాయి. అభిమానిగా గుండె మండినా, ఫాంటసీ షీట్‌లో మాత్రం పచ్చ రంగే.

4. పెద్ద చెట్టు పక్కన ఉన్న మొక్కని చూడండి. సీజన్ 11లో పట్నా పైరేట్స్ రైడర్ దేవాంక్ దలాల్ 301 రైడ్ పాయింట్లతో టాపర్. తర్వాతి వేలంలో 2 కోట్లు దాటిన ధరకి బెంగాల్ వెళ్ళిపోయాడు. పట్నాలో అతని పక్కన రెండో రైడర్‌గా ఆడిన అయాన్ లోహ్‌చబ్ చేతికి ఆ కూతలన్నీ వచ్చాయి. సీజన్ 12లో టాప్ రైడర్ అయాన్. టాలెంట్ ముందు నుంచీ ఉంది, దొరికింది అవకాశం.

ఇప్పుడు లెక్క

మా లీగ్ రూల్స్: ఏడుగురు ఆటగాళ్ళు, 100 క్రెడిట్లు. టచ్ పాయింట్‌కి 5, బోనస్‌కి 3, రైడ్‌లో ఔటైతే మైనస్ 2, సూపర్ 10 కొడితే అదనంగా 5. కెప్టెన్‌కి డబుల్. ధరల లిస్ట్ సీజన్ మొదట్లోనే అందరం కూర్చుని రాసుకుంటాం. మీ రూల్స్ వేరే ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ఉదాహరణకి ముగ్గురు రైడర్లు అనుకోండి. పేర్లు క, ఖ, గ. గత 10 మ్యాచ్‌ల సగటు తీసుకుందాం:

- క: ధర 18, సగటు 52
- ఖ: ధర 13, సగటు 41
- గ: ధర 9, సగటు 24

స్టెప్ 1: నేరుగా భాగించండి. క్రెడిట్‌కి క 2.89, ఖ 3.15, గ 2.67. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇక్కడ ఆగితే గ వేస్ట్ అనిపిస్తుంది.

స్టెప్ 2: బేస్ మోడల్ తీసెయ్యండి. లిస్ట్‌లో అందరికంటే చవకైన రైడర్ ధర 8, సగటు 20 అనుకుందాం. ఎవరినీ ఎంచుకోకపోయినా అతను ఎలాగూ దొరుకుతాడు. చవక ఫోన్‌లో కూడా వాట్సాప్ నడుస్తుంది కదా, పైన పెట్టే ప్రతి వెయ్యికి అదనంగా ఏం వస్తుందనేదే ప్రశ్న. అందుకే సగటు నుంచి 20, ధర నుంచి 8 తీసేసి మళ్ళీ భాగించండి. క: 32ని 10తో భాగిస్తే 3.2. ఖ: 21ని 5తో భాగిస్తే 4.2. గ: 4ని 1తో భాగిస్తే 4.0. చూశారా? చివర ఉన్న గ ఒక్కసారిగా రెండో స్థానానికి వచ్చాడు.

స్టెప్ 3: నిలకడతో గుణించండి. 10 మ్యాచ్‌ల్లో బేస్ అయిన 20ని ఎన్నిసార్లు దాటాడో లెక్కపెట్టండి. క 9 సార్లు, ఖ 8 సార్లు, గ 4 సార్లే. గ రెండు మ్యాచ్‌ల్లో 60 చొప్పున కొట్టి మిగతావాటిలో చతికిలపడ్డాడన్నమాట. ఫోన్ భాషలో చెప్పాలంటే థ్రాటిలింగ్. ఇప్పుడు ఫైనల్ స్కోరు: క 2.88, ఖ 3.36, గ 1.6.

ర్యాంక్: ఖ, క, గ. ధర పెద్దగా ఉన్నవాడూ కాదు, చవగ్గా ఉన్నవాడూ కాదు, మధ్యలోవాడు గెలిచాడు. ఫోన్లలో మిడ్ రేంజ్ లాగా.

స్టెప్ 4: కెప్టెన్‌కి మాత్రం ఈ ర్యాంక్ వాడొద్దు. కెప్టెన్ చేయడానికి అదనంగా క్రెడిట్లు ఖర్చు కావు. కాబట్టి మీ ఏడుగురిలో సగటు ఎక్కువ ఉన్నవాడే కెప్టెన్. క, ఖ ఇద్దరూ టీమ్‌లో ఉంటే బ్యాడ్జ్ క‌కే ఇవ్వండి.

ఇంకో చిన్న టిప్. కొందరు లిస్ట్‌లో ఆల్‌రౌండర్ అని ఉంటారు, చేసేది రైడర్ పని. సీజన్ 12లో టైటాన్స్‌కి ఆడిన విజయ్ మలిక్, భరత్ హుడా అట్లాంటివాళ్ళే. ఆల్‌రౌండర్ స్లాట్‌లో రైడ్ పాయింట్లు వస్తుంటే, రైడర్ స్లాట్ ఇంకొకరికి ఖాళీగా మిగులుతుంది.

ఫోన్‌లో సెటప్

- ఒక్కో రైడర్‌కి ఒక వరుస. కాలమ్స్: పేరు, ధర, గత 10 మ్యాచ్‌ల పాయింట్లు, సగటు, 20 దాటిన మ్యాచ్‌లు, ఫైనల్ స్కోరు.
- సగటుకి ఎవరేజ్ ఫంక్షన్, 20 దాటిన లెక్కకి కౌంట్ఇఫ్ ఫంక్షన్ చాలు. ఈ రెండూ గూగుల్ షీట్స్ మొబైల్ యాప్‌లోనే పనిచేస్తాయి.
- పేరు ఉన్న కాలమ్‌ని ఫ్రీజ్ చేయండి. చిన్న స్క్రీన్ మీద పక్కకి జరిపినప్పుడు ఎవరి నంబర్ ఎవరిదో తికమక ఉండదు.
- ఎడిట్ పర్మిషన్ ఇద్దరికే, మిగతావాళ్ళకి వ్యూ మాత్రమే. గొడవలు సగం తగ్గుతాయి.
- ఫైల్‌ని ఆఫ్‌లైన్‌కి పెట్టుకోండి. సిగ్నల్ లేకపోయినా ఎంట్రీ వేయొచ్చు, నెట్ రాగానే సింక్ అవుతుంది.
- మ్యాచ్‌కి ముందు స్టార్టింగ్ సెవెన్ ప్రకటించాకే టీమ్ లాక్ చేయండి. పవన్ సీజన్ 9 గుర్తుంది కదా.

ఆ ఏపీకేల జోలికి పోవద్దు

ఇది సీరియస్‌గా చదవండి. డబ్బు కాంటెస్టులు ఆగిపోయాక "ఏపీలో కూడా పనిచేస్తుంది" అంటూ టెలిగ్రామ్ లింకులు, ఫేక్ లొకేషన్ యాప్‌లు తిరుగుతున్నాయి. ప్లే స్టోర్ బయట నుంచి దింపిన ఫాంటసీ యాప్ ఎస్ఎంఎస్ పర్మిషన్ అడిగిందంటే మీ ఓటీపీలు చదవగలదు. యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇచ్చారంటే స్క్రీన్ మీద ఉన్నది చూడగలదు, మీ బదులు తానే నొక్కగలదు. చాలా ఇళ్ళలో నాన్న బ్యాంక్ ఖాతాకి లింకైన సిమ్ కూడా పిల్లోడి ఫోన్‌లోనే ఉంటుంది. పోయేది పందెం కట్టిన 50 రూపాయలు కాదు, పంట అమ్మిన డబ్బు.

ఇప్పటికే అట్లాంటిది వేసి ఉంటే నెట్ ఆపి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ ఆఫ్ చేసి, యాప్ తీసేయండి. తర్వాత వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

ఫైనల్ వర్డిక్ట్

టాపర్‌ని కొనడం ఎవరికైనా వచ్చు. టాపర్ కాబోయేవాడిని, ధర పెరగకముందే పట్టడమే ఫాంటసీ. దానికి కావాల్సింది మీ దగ్గర ఉన్న ఫోన్, ఒక షీట్, పది మ్యాచ్‌ల ఓపిక. మా లీగ్‌లో గెలిచినోళ్ళకి మిగిలినోళ్ళు ఉగ్గాని బజ్జీ పెట్టిస్తారు. ఎనిమిది మందికి ఆ మాత్రం ప్రైజ్ చాలు.