ఒకే వాన, రెండు మాటలు ఎందుకు?

ముంబయి గ్రాంట్ రోడ్ దగ్గరి కామాఠిపురకు ఆ పేరు తెలుగు నేల నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. పల్లాన్ని పూడ్చి కట్టిన పేట అది. అక్కడ గట్టి వాన పడితే, భూమి వేడెక్కడం వల్లేనని ఒకరు, వానాకాలం ఎప్పుడూ ఇంతేనని మరొకరు అంటారు.

ఒక్క వాన ఏదీ తేల్చదు. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో 944 మిల్లీమీటర్లు కురిసింది. అదే నగరంలోని కొలాబాలో నూరు కూడా పడలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది. కానీ వాతావరణం మారిందో లేదో తేల్చడానికి దశాబ్దాల లెక్కలు కావాలి.

ఆ లెక్కల్లో సందేహం లేదు. బొగ్గు, పెట్రోలు మండగా వచ్చే వాయువు దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. 1850–1900తో పోలిస్తే 2011–2020 నాటికి భూమి సుమారు 1.1 డిగ్రీలు వేడెక్కింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కుండపోతలు అందుకే పెరుగుతాయి. శాస్త్రవేత్తల వాదనంతా ఎంత వేగంగా, ఏ ఊరికి ఎంత అన్నదానిపైనే. చాల్‌లో, అంటే వరుస గదుల అంతస్తుల ఇంట్లో, కింది గదికీ పై అంతస్తుకూ ముప్పు ఒక్కటి కాదు మరి.