తొలకరికి ముందే మందకు రక్షణ

జబ్బు పడిన గొర్రెకు మందు వెదకుటకంటె జబ్బు రాకుండ చూచుకొనుట సులభము, చౌక. ఈ మాట ఎరుగని రైతు లేడు. కాని ఎరిగినదానిని వేళకు ఆచరించువారు కొందరే. ప్రతి ఏట మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు రాలిన తరువాత “మా మందలో పిల్లలు పడిపోవుచున్నవి, ఏదైన సూది వేయించండి” అని కబురు వచ్చును. ఆ వేళకు వేసిన సూది ఆ జీవమును కాపాడదు. టీకామందు ఒంటిలో పని ప్రారంభించుటకు రెండు మూడు వారములు పట్టును. కావున రోహిణి కార్తె రాకముందే చేయవలసిన పనులను ఈ వ్యాసమున మన సంఘ సభ్యులకు వివరింపదలచితిమి.

గొర్రెలు, మేకలు మన ప్రాంతమున చిన్న సంగతి కాదు. 2019 సంవత్సరపు పశుగణనలో తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలు లెక్కకు వచ్చినవి. హిందూదేశమున ఇదియే ప్రథమ స్థానము. గొల్ల, కురుమ కుటుంబములకు ఇది వంశపారంపర్యమైన వృత్తి. సేద్యముతోపాటు నాలుగు మేకలను పెంచుకొను ఇల్లాండ్రకు అవియే అవసరమునకు అక్కరకు వచ్చు రొక్కము. పంట పోయిన ఏడు మందయే ఇంటిని నడుపును. అట్టి మంద ఒక్క వారములో పోయినచో ఆ కుటుంబము మరల నిలదొక్కుకొనుటకు ఎన్ని ఏండ్లు పట్టునో మీరే ఎరుగుదురు.

చెరువంచు పచ్చికలోని అపాయము

హిమాయత్‌నగర్, మొయినాబాదు ప్రాంతము గండిపేట చెరువునకును హిమాయత్‌సాగరమునకును నడుమ నున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకును నగరమునకు త్రాగునీటికిని ఈ రెండు జలాశయములను కట్టిరి. మూసీపై గండిపేట 1920లోను, ఈసీ నదిపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. నాటినుండి వేసవిలో నీరు వెనుకకు తగ్గగా బయటపడు పచ్చిక మన కాపరులను పిలుచుచునే యున్నది. ఇటీవలి కాలమున బీళ్లు ప్లాట్లయి, తోటలకు గోడలు లేచి, మేపు నేల కుంచించుకొనిపోయినది. కావున మందలన్నియు చెరువుల, కుంటల అంచులకే చేరుచున్నవి.

ఎండకాలమున ఆ పచ్చిక చూచుటకు ఇంపుగానే యుండును. కాని కార్జపు జలగలకు అదియే నిలయము. ఈ జలగ గొర్రె కార్జములో నుండి గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో బయటపడి నీటిలో పొదుగును. పొదిగిన పురుగు చిన్న నీటి నత్త శరీరములో ప్రవేశించి, అచట ఒకటి అనేకములై, బయటికి వచ్చి నీటి ఒడ్డు గడ్డిపరకలకు కంటికి కానరాని పొక్కులవలె అంటుకొనును. ఆ గడ్డిని మేసిన గొర్రెకు జలగలు తిరిగి ప్రవేశించును. కావున జలగ, నత్త, తడినేల, గొర్రె అను నాలుగును కలిసిన చోటనే ఈ వ్యాధి యుండును. ఒక్కటి తప్పించినను గొలుసు తెగిపోవును.

జలగలు పట్టిన గొర్రె మేయుచునే చిక్కిపోవును. కనురెప్ప తిప్పి చూచినచో లోపలి ఎరుపు పోయి పాలిపోయి యుండును. దవడ క్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడును. కొందరు దీనిని దిష్టి యనియు, మేత చాలకపోవుట యనియు తలచి ఊరకుందురు. పొట్ట జలగలు పట్టిన పిల్లలకు దుర్గంధముతో పారుడు పట్టును. జలగలు పెరిగి గ్రుడ్లు పెట్టుటకు సుమారు మూడు నెలలు పట్టును. కాని పిల్ల జలగలే కార్జమును తొలుచుకొనిపోవుచు గొర్రెను చంపగలవు.

దీనికి ఉపాయములు మూడు. మొదటిది, నీటి అంచున తడిసియున్న నేలపై మేపకుండుట. మెరక మీదనే మేపి, నీటిని తొట్టిలో తోడి పోయుట. రెండవది, జలగల మందును వేళకు పోయుట. మూడవది, కుంట ఒడ్డు గడ్డినే వాడక తప్పనిచో కోసి బాగుగ ఎండబెట్టి వేయుట. బాతులు నత్తలను తినును గనుక కుంట గట్టు నున్నవారు కొన్ని బాతులను పెంచుట మంచిది.

నట్టల సంగతి

నట్టలలో నెత్తురు పీల్చు జాతి యొకటి గొర్రె నాలుగవ పొట్టలో నుండును. ఆడ పురుగు దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. తొలకరి తడికి అవి పొదిగి క్రొత్త గడ్డిపైకి ఎక్కును. కావున వానలకు ముందొకసారి, వానలు వెనుదీసిన పిమ్మట మరియొకసారి మందు పోయుట ఆచారముగ నుంచుకొనవలెను.

మందు పోయుటలో మన కాపరులు తరచుగ చేయు తప్పొకటి కలదు. సీసా ఒకటి తెచ్చి మంద మొత్తమునకు సరిపెట్టవలెనని కొంచెము కొంచెము పోయుదురు. చాలని మందు నట్టలను చంపదు. దానికి లొంగని నట్టలను పెంచును. జీవము బరువునుబట్టియే మందు పోయవలెను. బరువు అంచనా తెలియనిచో మందలో పెద్ద గొర్రెను తూచి చూడవలెను. ఎల్లప్పుడు ఒకే మందు వాడక పశువైద్యుని అడిగి మార్చుచుండవలెను. చూలు మొదటి నెలలో నున్న గొర్రెకు ఆల్బెండజోల్ పోయరాదు. దక్షిణాఫ్రికా దేశమున కనురెప్ప రంగును ఐదు తరగతులుగ విభజించి ఒక అట్టపై అచ్చువేసి, దానితో పోల్చి చూచి, పాలిపోయినవానికే నెత్తురు పీల్చు నట్టల మందు పోయు పద్ధతిని నెలకొల్పిరి. అట్ట లేకున్నను, వారమునకొకసారి కనురెప్ప తిప్పిచూచు అలవాటు మన కాపరి చేసికొనవచ్చును. దానికి కాసు ఖర్చు లేదు.

చిటుక రోగము

చిటుక వేసినంతలో జీవము పోవును గనుక మన పెద్దలు దీనికి చిటుక రోగమని పేరుపెట్టిరి. సాయంకాలము దొడ్డికి బాగుగ వచ్చిన పిల్ల తెల్లవారుసరికి చచ్చిపడియుండును. అందులోను బక్కపిల్ల మిగిలి బలిసిన పిల్ల పోవును. ఇది చేతబడి కాదు. ఈ రోగపు సూక్ష్మజీవులు ఆరోగ్యముగానున్న గొర్రె ప్రేగులలోను కొద్దిగ నుండును. ఎండు మేతతో నున్న జీవము ఒక్కసారిగా లేతగడ్డిని కడుపునిండ మేసినపుడు, లేదా కల్లములో రాలిన గింజలు విపరీతముగ తిన్నపుడు, అవి ప్రేగులలో పెచ్చుపెరిగి విషమును పుట్టించును. ఎక్కువ మేసినది గనుకనే బలిసిన పిల్లకు అపాయ మెక్కువ.

తొలకరికి ముందు, మే నెలలో, ఈ టీకా వేయించుట తప్పనిసరి. మొదటిసారి వేయించిన పిల్లలకు రెండు మూడు వారములకు మరల వేయించవలెను. పిమ్మట ఏటేట ఒకసారి. వానలు పడిన మొదటి పదిదినములు ఉదయము కొంత ఎండుమేత వేసిన తరువాతనే మందను బయటికి తోలవలెను. గొంతువాపు టీకాయు వానలకు ముందే కావలెను. రెండు టీకాలకు నడుమ రెండు వారములైన వ్యవధి యుంచుట మంచిది.

పారుడు రోగము

వైద్యులు పి.పి.ఆర్. అని పిలుచు ఈ రోగము గొర్రెలకంటె మేకలకు తరచుగ ఎక్కువ ప్రాణాంతకము. తీవ్రమైన జ్వరము, కండ్లవెంట ముక్కువెంట చీమిడి, నోటిలో పుండ్లు, పిమ్మట దుర్వాసనతో పారుడు, ఆయాసము. అనేక జీవములు వారము పది దినములలోనే చచ్చును. ఇది మనుష్యులకు అంటదు. కాని జీవమునుండి జీవమునకు ఊపిరివలన, చీమిడివలన, కలిసి త్రాగు తొట్టివలన అంటును.

ఈ రోగమును 1942లో ఆఫ్రికాఖండపు ఐవరీకోస్టు దేశమున మొదట గుర్తించిరి. మన దేశమున 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామపు గొర్రెలలో కనబడినది. తరువాత మన దేశపు శాస్త్రజ్ఞులే దీనికి టీకా తయారుచేసిరి. మూడు నెలలు నిండిన పిల్లకు ఒక్కసారి వేసిన ఆ టీకా కనీసము మూడేండ్లు కాపాడును. దీనికి దాయాదియైన పశువుల ముసర రోగము ఒకప్పుడు దేశమున ఎద్దులను వేలకొలది చంపెడిది. ఊరూర టీకాలు వేయగా అది నశించినది. 2011లో ప్రపంచమంతటనుండి నిర్మూలమైనట్లు ప్రకటించిరి. పారుడు రోగమును 2030 నాటికి అట్లే నిర్మూలింపవలెనని ప్రపంచ దేశములు సంకల్పించినవి. ఆ సంకల్పము నెరవేరుట మన దొడ్డి వాకిటినుండియే ప్రారంభము కావలెను.

టీకామందును మంచుగడ్డలలోనే తేవలెను. పొడిని ద్రావకముతో కలిపిన తరువాత ఎండ తగులనీయక వెంటనే వాడి ముగింపవలెను. జ్వరముతో నున్న జీవమునకు టీకా వేయరాదు.

నీలి నాలుక

వానకాలమున గొర్రె మూతి వాచి, నోట చొంగ కారి, కుంటుచు నడచినచో అది నీలి నాలుక వ్యాధి కావచ్చును. దోమకంటె చిన్నవైన ఒక జాతి ఈగలు దీనిని మోయును. బురద, పెంట కలసి కుళ్లిన దొడ్డిలో అవి పెరుగును. కావున దొడ్డిని మెరకన వేసి, నీరు నిలువక, పెంటికలను ఎప్పటికప్పుడు ఎత్తి దూరముగ కుప్పవేయుట సగము వైద్యము. గొర్రెకు పది చదరపుటడుగులైన చోటుండవలెను. వ్యాధికి టీకాయు కలదు. అది ఐదు రకముల వైరసులకు పనిచేయును. జబ్బుపడినదానికి నోటి పుండ్లను కడిగి, నీడన కట్టి, జావ త్రాగించినచో చాలవరకు కోలుకొనును.

క్రొత్తగా కొని తెచ్చు జీవములు

2017 జూన్ 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వము గొర్రెల పంపిణీ పథకమును ప్రారంభించినది. గొర్రెల పెంపకందారుల సహకార సంఘ సభ్యులకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున నూటికి 75 వంతుల రాయితీపై ఇచ్చిరి. అనేక జీవములు పొరుగు రాష్ట్రములనుండి లారీలలో వచ్చినవి. దూరప్రయాణమువలన అలసి, నీరు మారి, మేత మారిన జీవములో దాగియున్న రోగము బయటపడును. పథకముతో వచ్చినను, సంతలో కొన్నను, ఆడబిడ్డ ఇంటినుండి తెచ్చినను, క్రొత్త జీవమును నెలదినములు వేరుగ కట్టవలెను. వేరు తొట్టి, వేరు మేపు. ఆ నెలలోనే నట్టల మందు, టీకాలు ముగింపవలెను. చుట్టము తెచ్చిన మేక గదా యని మొగమాటపడి మందలో కలుపుటవలన ఊరు ఊరే నష్టపడును.

చూలు గొర్రె, పాలపిల్ల

గొర్రె చూలు ఐదు నెలలు. చివరి నెలన్నరలో కడుపులోని పిల్ల త్వరగా పెరుగును గనుక గుప్పెడు తవుడు, వేరుశనగచెక్క, గింజలు కలిపి పెట్టవలెను. తుమ్మకాయలు, అవిసె ఆకు, కంది పొట్టు మన ఊళ్లలోనే దొరకును. పిల్ల పుట్టిన గంటలోపల జున్నుపాలు త్రాగించవలెను. తల్లి పొందిన రక్షణ ఆ పాలవలననే పిల్లకు వచ్చును. బొడ్డును టింక్చర్ అయొడిన్‌తో తడపవలెను. ఇరువదియైదు ముప్పది గొర్రెలకు ఒక పొట్టేలు చాలును. రెండు మూడేండ్లకొకసారి పొట్టేలును మార్చుకొననిచో తండ్రి కూతురిని కూడి మంద క్షీణించును.

వానలు తప్పి వాడిన జొన్నలోను, కోసిన జొన్న మోళ్ల పిలకలలోను నాము ఎక్కి విషముండును. అట్టి చేలలోనికి ఆకలిగొన్న మందను తోలరాదు.

సంఘము చేయవలసిన పని

ఇంతవరకు చెప్పినవన్నియు ఒక్కొక్క కాపరి తనంతట చేయగలవి. కాని ఒక్కడు చేసిన చాలదు. చెరువంచు అందరిది, బాట అందరిది, నీటి తొట్టి అందరిది. పది మందలలో ఆరింటికి టీకా వేసి నాలుగింటిని విడిచినచో ఆ నాలుగింటిలో రోగము కాపురముండును. ఆరింటిలో క్రొత్తగా పుట్టిన పిల్లలకు అచటినుండియే అంటును. “నా మందకు జబ్బు లేదు, నా కెందుకు?” అను మాట మేము ప్రతి గ్రామమున వినుచున్నాము. జబ్బు లేని మందకే టీకా కావలెనని అట్టివారికి సంఘ పెద్దలు నచ్చచెప్పవలెను.

కావున ప్రతి గ్రామ సంఘమును ఈ క్రింది పనులు చేయవలెనని కోరుచున్నాము.

1. ఏప్రిల్ నెలలోనే సభ చేసి, గ్రామములోని మందలను, ఇంటింటి మేకలను లెక్క వ్రాసి, పశువైద్యశాలకు పట్టిక పంపవలెను.

2. టీకా దినమును ముందుగ చాటింపు వేయించి, మందలన్నియు ఆ ఉదయము మేతకు పోకుండ చూడవలెను. నాలుగు మేకలు గల పేదరాలిని మరువరాదు.

3. మే నెలలో నట్టల మందు, జలగల మందు, చిటుక రోగపు టీకా, గొంతువాపు టీకా. వానలు వెనుదీసిన పిమ్మట మరల నట్టల, జలగల మందు. చలికాలమున బొబ్బ రోగపు టీకా. మూడు నెలలు నిండిన ప్రతి పిల్లకు పారుడు రోగపు టీకా. ఏ మంద కేది ఎప్పుడు వేసినదో సంఘ పుస్తకమున వ్రాయవలెను.

4. చచ్చిన జీవమును చెరువులోగాని వాగులోగాని పడవేయరాదు. లోతుగ గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. ముక్కునుండి, పాయువునుండి నల్లని నెత్తురు కారుచున్నచో అది దొమ్మ రోగము కావచ్చును. దానిని కోయరాదు, తోలు తీయరాదు, మనుష్యులకును అంటును.

5. ఒకే దినమున రెండు మూడు జీవములు పడినచో దాచక వెంటనే సంఘ కార్యదర్శికి తెలుపవలెను. 1962 సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్యశాల బండి గ్రామమునకు వచ్చును.

దాచిన జబ్బు ఊరంతటికి ప్రాకును. తెలిపిన జబ్బు ఆ దొడ్డితోనే ఆగును. చెరువు నీటిని పంచుకొన్నట్లే మందల రక్షణను గూడ మన రైతు సోదరులు పంచుకొందురని నమ్ముచున్నాము. రోహిణి కార్తె దూరములో లేదు; ఈ వారమే సంఘ సభ చేయుడు.