బహుళజాతి సంస్థ తరలిపోయినపుడు కార్మికులకు ప్రభుత్వ ఆసరా: లిమరిక్ అనుభవం

ఐర్లండ్ దేశపు పశ్చిమ ప్రాంతంలోని లిమరిక్ నగరంలో అమెరికాకు చెందిన డెల్ సంస్థ 1991 నుండి కంప్యూటర్ల తయారీ కర్మాగారాన్ని నిర్వహించింది. ఉత్పత్తిని పోలండ్‌లోని వుడ్జ్ నగరానికి తరలిస్తున్నట్లు, దాని వలన లిమరిక్‌లో 1,900 ఉద్యోగాలు రద్దు కానున్నట్లు 2009 జనవరి 8న ఆ సంస్థ ప్రకటించింది. డెల్‌కు విడిభాగాలు, సేవలు అందించే చిన్న సంస్థలలోనూ తొలగింపులు తప్పలేదు. డెల్‌లోను, దాని అనుబంధ సరఫరాదారుల వద్దను కలిపి ఉపాధి కోల్పోయిన 2,840 మందిని ఆ తరువాత ప్రభుత్వం లెక్కలోకి తీసుకున్నది. ప్రపంచ ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న సమయమది. ఐర్లండ్‌లో నిర్మాణ రంగం అప్పటికే కుప్పకూలి ఉన్నందున, తొలగింపబడిన వారిని చేర్చుకోగల పరిశ్రమలు ఆ ప్రాంతంలో దాదాపు లేవు.

ఇటువంటి సందర్భంలో కార్మికునికి మొదట అందేది చట్టబద్ధమైన పరిహారం. కనీసం రెండేళ్ల సర్వీసు పూర్తి చేసిన వారికి, పనిచేసిన ప్రతి సంవత్సరానికి రెండు వారాల వేతనం, దానిపై అదనంగా ఒక వారం వేతనం చెల్లించాలని ఐర్లండ్ చట్టం నిర్దేశిస్తున్నది. ఇందుకు లెక్కించే వారపు వేతనానికి గరిష్ఠ పరిమితి 600 యూరోలు. అప్పట్లో యజమాని చెల్లించిన ఈ పరిహారంలో 60 శాతాన్ని ప్రభుత్వమే తిరిగి యజమానికి ఇచ్చేది. ఈ వెసులుబాటు 2013లో రద్దయినది. పరిహారం పాత ఉద్యోగానికి ముగింపే గాని కొత్త ఉద్యోగానికి దారి కాదు. పద్దెనిమిదేళ్లు ఒకే కూర్పు వరుసలో పనిచేసిన వ్యక్తికి మరొక పని నేర్పించడం, అతడు నేర్చుకునేంత కాలం కుటుంబం గడిచేలా చూడడం వేరే బాధ్యత.

ఆ బాధ్యత నిమిత్తం ఐర్లండ్ ప్రభుత్వం ప్రముఖ పారిశ్రామికవేత్త డెనిస్ బ్రాస్నన్ అధ్యక్షతన ఆ ప్రాంతానికి ప్రత్యేక కార్యదళాన్ని నియమించింది. 2009 జూన్‌లో ఐరోపా సమాజపు ప్రపంచీకరణ సర్దుబాటు నిధికి దరఖాస్తు చేసింది. ప్రపంచ వాణిజ్యంలో వచ్చే మార్పుల కారణంగా పెద్ద సంఖ్యలో ఉపాధి కోల్పోయే వారి కొరకు 2007 నుండి అమలులోకి వచ్చిన నిధి ఇది. ఈ సొమ్ము మూతపడే సంస్థకు గాని, నేరుగా కార్మికుని చేతికి గాని అందదు. శిక్షణ, ఉద్యోగ మార్గదర్శకత్వం, ఉన్నత విద్య, స్వయం ఉపాధి, శిక్షణ కాలపు భృతి వంటి వాటికి సభ్య దేశ ప్రభుత్వం చేసే ఖర్చులో కొంత భాగాన్ని నిధి భరిస్తుంది. చట్టబద్ధమైన పరిహారానికి దీనిని ప్రత్యామ్నాయంగా వాడరాదు. లిమరిక్ విషయంలో 2,400 మందికి సుమారు 2.28 కోట్ల యూరోల ప్రణాళిక తయారు కాగా, అందులో 65 శాతం, అనగా 1.48 కోట్ల యూరోలు ఐరోపా నిధి నుండి మంజూరైనవి.

కాగితంపై ఇది ఉదారమైన సహాయమే. చిక్కు గడువు వద్ద వచ్చింది. నాటి నిబంధనల ప్రకారం ఖర్చుకు గల 24 నెలల కాలం, సొమ్ము చేతికి అందిన రోజు నుండి గాక, దరఖాస్తు సమర్పించిన నాటి నుండే మొదలవుతుంది. జూన్‌లో సమర్పించిన దరఖాస్తుకు తుది ఆమోదం లభించేసరికి సంవత్సరం చివరి భాగం వచ్చింది. కళాశాలలలో ప్రవేశాలు సెప్టెంబరులో ముగుస్తాయి. ఆ సెప్టెంబరు దాటిన వ్యక్తి మరుసటి ఏడాది చేరితే, మూడు నాలుగేళ్ల చదువులో ఒక్క సంవత్సరానికి మాత్రమే నిధి వర్తిస్తుంది. తమకు ఏమేమి అందుబాటులో ఉన్నదో సకాలంలో తెలియలేదని కార్మికులు ఫిర్యాదు చేశారు. చివరకు మంజూరైన మొత్తం పూర్తిగా ఖర్చు కాక, మిగిలినది తిరిగి అప్పగించవలసి వచ్చింది. అవసరం లేక మిగిలిన సొమ్ము కాదది. 2021లో వచ్చిన కొత్త నిబంధనలలో గడువును నిధి మంజూరు నిర్ణయం అమలులోకి వచ్చిన నాటి నుండి లెక్కిస్తున్నారు. సహాయం కోరుటకు కావలసిన తొలగింపుల సంఖ్యను కూడా మొదటి 1,000 నుండి క్రమంగా 200కు తగ్గించారు.

మరొక విషయం కూడా గమనించదగినది. వుడ్జ్ కర్మాగారానికి పోలండ్ ప్రభుత్వం ఇవ్వదలచిన 5.45 కోట్ల యూరోల ప్రోత్సాహకానికి ఐరోపా కమిషన్ ఆమోదం తెలిపినది కూడా అదే 2009 సెప్టెంబరులో. పరిశ్రమను ఆహ్వానించడానికి ఒక దేశం పెట్టే ఖర్చు, అది వదిలి వెళ్లిన చోట కార్మికులకయ్యే ఖర్చు కంటే రెట్టింపునకు మించినది. ఆ ఏడాది ముగియకముందే వుడ్జ్ కర్మాగారాన్ని ఫాక్స్‌కాన్‌కు విక్రయిస్తున్నట్లు డెల్ ప్రకటించింది.

తెలుగు పాఠకులకు ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. సరిహద్దుకు చేరువలోని శ్రీపెరుంబుదూరులో నోకియా కర్మాగారం 2014 నవంబరు 1న ఉత్పత్తిని నిలిపివేసింది. అంతకు ముందే వేల మంది కార్మికులు స్వచ్ఛంద విరమణ పథకం క్రింద వెళ్లిపోయారు. మన దేశంలో 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం, 300 లేదా అంతకు మించి కార్మికులున్న కర్మాగారాన్ని మూసివేయడానికి 90 రోజుల ముందుగా ప్రభుత్వ అనుమతి కోరాలి. అనుమతి లభించిన పక్షంలో, పూర్తయిన ప్రతి సంవత్సరపు సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చెల్లించాలి. ఉద్యోగ రాజ్య బీమా పరిధిలోని వారికి నిరుద్యోగ కాలంలో కొంత భృతి కల్పించే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018లో ప్రారంభమైనది. భృతి రేటును 2020లో 25 నుండి 50 శాతానికి పెంచారు.

ఈ స్మృతిలో కొత్తగా చేర్చినది పునర్నైపుణ్య నిధి. తొలగించిన ప్రతి కార్మికునికి సంబంధించి 15 రోజుల వేతనాన్ని యజమాని ఈ నిధిలో జమచేయాలి. ఆ మొత్తం 45 రోజులలో కార్మికుని ఖాతాకు చేరాలి. లిమరిక్‌లో లోపించిన సత్వరత ఇందులో ఉన్నది. అయితే యజమాని వాటా ఉద్యోగ తొలగింపు సందర్భంలో మాత్రమే అని సెక్షన్ 83 స్పష్టంగా పేర్కొంటున్నది. సంస్థ పూర్తిగా మూతపడడాన్ని చట్టం వేరుగా పరిగణిస్తుంది. పదిహేను రోజుల వేతనంతో నేర్చుకోగల వృత్తి ఏదన్నది కూడా ఆలోచించవలసిన ప్రశ్నే. స్వచ్ఛంద విరమణ పత్రంపై సంతకం చేసిన వ్యక్తి చట్టరీత్యా తొలగింపబడిన కార్మికుడు కాడు. అందుచేత యాజమాన్యం ప్యాకేజీని ప్రకటించినపుడు, సంతకానికి ముందే తమ సర్వీసు కాలం, చట్టబద్ధ పరిహారం, భవిష్యనిధి నిల్వలను లెక్క చూసుకొని కార్మిక శాఖ అధికారులను సంప్రదించడం కార్మికులకు మేలు.