పాత కారునకు క్రొత్త ఇంజను – వేడిమి సంగతి



మన నిజామాబాదు, బోధను ప్రాంతముల పెద్ద యిండ్లలో పాత అంబాసిడరు కారు నేటికిని అచ్చటచ్చట కానవచ్చుచున్నది. చెఱకు డబ్బు చేతినిండ ఆడిన దినములలో కొన్నబండి యది. ఆ కారు తయారగుట 2014లో నిలిచిపోయినది. ఒడలు గట్టిదే గాని ఇంజను అరిగినది. అప్పుడు ఇంటి కుఱ్ఱవాడు వచ్చి, “తాతా, ఇంజను మార్పింతము” అనును. డబ్బిచ్చువారు పెద్దలు గనుక, ఇచ్చుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను గూర్చి నేడు మనవి చేయుచున్నాను. శక్తి యెంత యని అందఱు నడుగుదురు. వేడిమి యెట్లు బయటికి పోవునని యడుగువారు తక్కువ. మార్పునకు రిజిస్టరింగు అధికారి అనుమతి ముందుగా పొందవలెను. అది వేఱు సంగతి, దాని నింతటితో విడిచెదను.

ఇంజనులో కాలిన చమురు వేడిలో స్థూలముగా మూడవవంతు మాత్రమే మన పనికి వచ్చును. మఱియొక మూడవవంతు పొగగొట్టము వెంట పోవును. మిగిలిన దానిలో అధికభాగము నీటిలోనికి దిగును. ఆ నీరు రేడియేటరులోని సన్నని గొట్టములలో పాఱుచు, తన వేడిని గాలికి అప్పగించి తిరిగి వచ్చును. పాత అంబాసిడరులోనిది 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. శక్తి సుమారు 50 గుఱ్ఱములు. కంపెనీవారే తరువాతి బండ్లలో పెట్టిన ఇసుజు ఇంజను సుమారు 1800 ఘనసెంటీమీటర్లది. శక్తి సుమారు 75 గుఱ్ఱములు. దీనిని తెచ్చి పాత బండిలో బిగించినచో, నిండుబరువున పోవునప్పుడు నీటిలోనికి దిగు వేడియు దాదాపు ఒకటిన్నర రెట్లగును. పాత రేడియేటరే యుంచుట, ఎనమండుగురికి వంట అయిదుగురి కుండలో వండబూనుట వంటిది.

ఇందొక చిక్కు కలదు. రేడియేటరు వెలిగ్రక్కు వేడి, నీటికిని గాలికిని గల ఉష్ణభేదముపై ఆధారపడును. నీరు 90 డిగ్రీలుండగా, సంక్రాంతినాటి గాలి 20 డిగ్రీలైనచో భేదము 70. వైశాఖపు మధ్యాహ్నమున గాలి 45 అయినచో భేదమును 45 మాత్రమే. అనగా అదే రేడియేటరు ఎండకాలమున మూడింట రెండుపాళ్ల పనియు చేయజాలదు. నేనెఱిగిన యొక కుటుంబమువారు చలికాలమున ఇంజను మార్పించిరి. మార్చినవాడు బండి నడిపి చూపగా వేడిమి సూది హద్దు దాటలేదు. మే నెలలో ఇంటి ముసలమ్మకు ఆయాసము వచ్చి, బోధను నుండి నిజామాబాదు ఆసుపత్రికి కొనిపోవుచుండగా నడిదారిలో నీరు మరిగి, హెడ్డు వంగి, గాస్కెట్టు పోయినది. దారిన పోవు ఆటోవాడు ఆమెను ఆసుపత్రికి చేర్చినాడు, ఆమె బ్రతికినది. హెడ్డునకైన ఖర్చు మాత్రము మంచి రేడియేటరు ఖర్చుకంటె మిక్కుటము.

రేడియేటరు నడిమిభాగమును మెకానికులు కోరు అందురు. ఎక్కువ వరుసల గొట్టములు గల కోరు వేయింపవచ్చును. రాగి, ఇత్తడులదైనచో కారినచోట టంకము వేయువారు మన పట్టణములలో దొరకుదురు. అల్యూమినియముది తేలిక, కాని ఆ టంకమునకు లొంగదు. వరుసలు పెంచినకొలది మేలని తలపరాదు: ముందువరుస వేడిచేసిన గాలియే వెనుకవరుసకు చేరును. ఎత్తు వెడల్పులు పెంచుటకు చోటున్నచో అదియే ఉత్తమము.

నా అభిప్రాయమున, ఇంజను మార్చిన బండ్లలో పెక్కింటి దోషము నీటిది కాదు, గాలిది. బండి వేగముగా పోవునప్పుడు గాలి తనంతట దూరును. ధాన్యపు ట్రాక్టరు వెనుక రెండవ గేరులో ప్రాకునప్పుడు ఫ్యానే దిక్కు. క్రొత్త ఇంజను పొడుగు వేఱైనచో ఫ్యాను రేడియేటరునకు దూరమగును. అప్పుడది బయటిగాలిని లాగక, ప్రక్కలనున్న వేడిగాలినే త్రిప్పుచుండును. రేడియేటరు వెనుక రేకుతొడుగు బిగించి, ఫ్యాను రెక్కలు ఆ తొడుగు నోటిలో తిరుగునట్లు చేయింపవలెను. ఊదుగొట్టము లేక పొయ్యి నూదిన గాలి ఎట్లు చెదరునో మన యిండ్ల స్త్రీలకు తెలియును. తొడుగు పనియు అదియే. ఖర్చు స్వల్పము.

బోధనులో 1937లో స్థాపితమై 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమున పనిచేసినవారికి రేడియేటరు మూత సంగతి సులభముగా బోధపడును. చక్కెర పాకమును గాలి తీసివేసిన పెద్దపాత్రలలో కాచుదురు. ఒత్తిడి తగ్గుటచే అది మాడకయే సుమారు 65 డిగ్రీల వద్ద ఉడుకును. మూత దీనికి వ్యతిరేకముగా పనిచేయును. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నిలుపు మూత యున్నచో నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 111 డిగ్రీలకు మరుగును. 14 పౌనులదైనచో 120. అయినను బలహీనమైన పాత రేడియేటరుపై పెద్ద మూత పెట్టిన అతుకులు విడును. వేడి ఇంజనుపై మూత నెన్నడును తీయరాదు. ఒత్తిడి విడిన క్షణమున నీరు భగ్గున ఆవిరియై ముఖము కాల్చును.

థర్మోస్టాటు తీసివేసిన చల్లబడునని చెప్పువారు కలరు. అది నీరు తగిన వేడికి వచ్చువఱకు రేడియేటరు దారిని మూసియుంచు తలుపు. తీసినచో ఇంజను చాలసేపు చల్లగానుండి త్వరగా అరుగును. ఇక నీరు. కాగు అడుగున తెల్లని పొర కట్టు బోరునీరు గొట్టములలోను పొర కట్టును. బ్యాటరీలలో పోయు శుద్ధజలమున కూలెంటు కలిపి పోయవలెను. మనకడ నీరు గడ్డకట్టదు, కూలెంటేల యందురు, తుప్పు పట్టకుండుటకు.

పూర్తి సొమ్ము ఇచ్చుటకు ముందు, ఎండకాలపు మధ్యాహ్నమున నలుగురిని ఎక్కించుకొని నిజామాబాదు నుండి బోధనునకు పోయి, అచ్చట ఇంజను ఆపక పావుగంట నిలిపి సూదిని చూడుడు. పని చలికాలమున జరుగుచో, కొంత సొమ్ము వైశాఖము దాక నిలుపుటకు మొదటనే ఒప్పందము వ్రాయించుకొనుడు.