బొమ్మ చూసి కట్టిన ఊరు

‘బొమ్మలు గీస్తే కూడు పెడతాయా?’ ఫైన్‌ ఆర్ట్స్‌ అనగానే ఇంట్లో వినపడే మొదటి మాట ఇదే కదా! ఈసారి ఎవరైనా అలా అంటే వార్సా సంగతి చెప్పండి.

పోలండ్‌ రాజధాని అది. 1944లో అక్కడి జనం నాజీలపై తిరగబడ్డారు. తిరుగుబాటును అణచేశాక కూడా నాజీలకు కసి తీరలేదు. ఇళ్లు తగలబెట్టారు, రాజకోటను పేలుడు పదార్థాలతో కూల్చేశారు. చారిత్రక కేంద్రంలో 85 శాతానికి పైగా నేలమట్టం. యుద్ధం ముగిశాక మళ్లీ కట్టాలనుకున్నారు సరే, ఏ కిటికీ ఎక్కడుండేదో చెప్పేదెవరు?

అప్పుడు అక్కరకొచ్చిన ఆధారాల్లో బెర్నార్డో బెలొట్టో చిత్రాలు ఒకటి. వెనిస్‌ చిత్రకారుడు కెనలెట్టోకు ఈయన మేనల్లుడు. 1760ల చివర్లో వార్సా చేరి, 1780లో చనిపోయేదాకా రాజు కొలువులో పనిచేశారు. వీధులు, చర్చిలు, ప్యాలెస్‌లను కిటికీ చట్రాలతో సహా గీశారు. కెమెరా అబ్‌స్క్యూరా అనే పెట్టె సాయం తీసుకునేవారు. కటకం గుండా ఎదుటి దృశ్యం లోపలి తెరపై పడితే, దాని గీతలు పట్టుకోవడమన్నమాట. నాజీలు ఎత్తుకెళ్లిన ఆ చిత్రాలు యుద్ధం తర్వాత తిరిగి దొరకడం వార్సా అదృష్టం.

అయితే వాటిని పూర్తిగా నమ్మొచ్చా? అక్కడే ఉంది చిక్కు. బెలొట్టో అందం కోసం అక్కడక్కడా నిష్పత్తులు మార్చారు, అలంకారాలు చేర్చారు. పైగా ఆయన చూసింది 18వ శతాబ్దపు ఊరు. ఆ చిత్రాల ప్రకారం కట్టినచోట్ల తర్వాతి కాలపు మార్పులు ఎగిరిపోయాయి. అంటే తిరిగొచ్చింది 1939 నాటి వార్సా కాదు, ఒక చిత్రకారుడు ఇష్టపడ్డ వార్సా! అయినా 1980లో యునెస్కో ఆ పాత పట్టణాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. నన్నడిగితే చేర్చడమే న్యాయం.

ఇంకో ఆధారం మీలాంటి విద్యార్థులది. వార్సా పాలిటెక్నిక్‌ ఆర్కిటెక్చర్‌ విద్యార్థులు, అధ్యాపకులు కొలతలు తీసి గీసిన డ్రాయింగులను యుద్ధకాలంలో దాచి కాపాడారు.

ఈ పనిని ఇప్పుడు కన్జర్వేషన్‌ అంటారు. బీఆర్క్‌ తర్వాత ఢిల్లీ, భోపాల్‌ ఎస్‌పీఏల్లో ఇందులో పీజీ చేయొచ్చు. ఈలోగా పోర్ట్‌ఫోలియో కోసం మీ ఊళ్లో పాత మేడ ఒకటి ఎంచుకోండి. టేపు పట్టి కొలిచి గీయండి, తేదీ వేయండి. కళ్లతో చూసింది నిండు గీత. ఊహించి పూరించింది చుక్కల గీత.